సిగ్నల్‌మాన్ కుమారుడు రేమండ్ విలియమ్స్

రెండవ ప్రపంచ యుద్ధానంతరము బ్రిటనులో సామాన్యులకు దక్కిన లాభములు పెక్కు. 1944 నాటి విద్యాశాసనముచే ఇంగ్లండు, వేల్సులలోని ప్రభుత్వ పాఠశాలలలో మాధ్యమిక విద్య ఉచితమయ్యెను. 1948లో జాతీయ ఆరోగ్య సేవ నెలకొనెను. చేతిలో నాలుగు కాసులాడుటతో పత్రికలు, సినిమాలు, 1955 నుండి ప్రకటనల రాబడిపై నడచు టెలివిజన్ కార్మికుల యిండ్లకు చేరువయ్యెను. అంతట విద్యావంతులలో పలువురకు ఒక బెంగ పట్టుకొనెను: సంస్కృతి మూకల పాలగుచున్నదని. ఆ మూకలెవరని నిలదీసినవారిలో రేమండ్ విలియమ్స్ ముఖ్యుడు.

ఆయన 1921 ఆగస్టు 31న వేల్సు సరిహద్దున గల పాండీ గ్రామమున జన్మించెను. తండ్రి రైల్వే సిగ్నల్‌మాన్. 1926 మే నెలలో గని కార్మికులకు మద్దతుగా దేశవ్యాప్తముగ సమ్మె జరిగినప్పుడు ఆ తండ్రియు అందు పాల్గొనెను. బాలునికి అప్పుడు నాలుగేండ్లు. ఆబర్గవెన్నీ పాఠశాలలో చదివి, 1939లో విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరెను. నడుమ యుద్ధము వచ్చెను. నార్మండీలో టాంకు నిరోధక దళమున అధికారిగా పోరాడి, తిరిగివచ్చి చదువు ముగించెను.

1946 నుండి 15 ఏండ్లు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము పక్షమున ససెక్సు ప్రాంతమున వయోజనులకు తరగతులు నడపెను. పగలెల్ల పనిచేసినవారు సాయంకాలము సాహిత్యము చదువుటకు కూర్చుండెడివారు. ఆఫీసు ముగియగనే నాటకపు రిహార్సలుకు పరుగిడు మనబోటివారికి ఆ వాతావరణమును ఊహించుకొనుట కష్టము కాదు.

1958లో వెలువడిన ‘కల్చర్ అండ్ సొసైటీ’ గ్రంథమునకు ఆ తరగతుల చర్చలే బీజము. పరిశ్రమ, ప్రజాస్వామ్యము, వర్గము, కళ, సంస్కృతి అను అయిదు పదముల అర్థములు 1780 నుండి ఎట్లు మారుచు వచ్చినవో అందు పరిశీలించెను. మూక యనునది మనుష్యులలో లేదనియు, పరులను చూచు చూపులోనే యున్నదనియు ఆయన తేల్చెను. తన తండ్రిని, తన యిరుగుపొరుగును ఎవడును మూకగా చూడడు గదా! చవుకబారు పత్రికలు కార్మికుల సంస్కృతి కావు; లాభాపేక్షతో ఇతరులు వారికి అంటగట్టు సరకు మాత్రమే. వారు స్వయముగా నిర్మించుకొన్న కార్మిక సంఘములు, సహకార సంస్థలు, రాజకీయ పక్షము, ఇవియే వారి సంస్కృతి. ఈ భేదమును స్పష్టపరచుటయే ఆయన చేసిన గొప్ప మేలని నా అభిప్రాయము. అయితే ఆయన శైలి సులభమైనది కాదు. సామాన్యుల పక్షము వహించిన ఆ గ్రంథములను చదువుటకు సామాన్యునికి చాల ఓపిక కావలెను.

పలుమార్లు తిరుగవ్రాసి 1960లో ప్రకటించిన ‘బోర్డర్ కంట్రీ’ నవల మాత్రము హృదయమును తాకును. లండనులో అధ్యాపకుడైన కుమారుడు, జబ్బుపడిన సిగ్నల్‌మాన్ తండ్రిని చూచుటకు స్వగ్రామము చేరును. అతనికి లండనులో ఒక పేరు, ఊరిలో మరియొక పేరు. ఏ చదువుకై తండ్రి ఆరాటపడెనో ఆ చదువే కుమారుని దూరము చేసెను. తండ్రి మంచముచెంత కూర్చున్న ఆ కుమారునికి మాటలు దొరకవు. సిద్ధాంత గ్రంథములలో ఇమడని బాధ ఇది.

1961లో కేంబ్రిడ్జిలో అధ్యాపకుడై, 1974లో నాటక శాస్త్రాచార్యుడయ్యెను. 1968 నుండి 1972 వరకు ‘లిజనర్’ పత్రికలో టెలివిజన్ కార్యక్రమములను సమీక్షించెను. పండితులు చిన్నచూపు చూచిన ఆటల ప్రసారములను సైతము శ్రద్ధతో పరిశీలించెను. మొదటి గ్రంథమునకు అనుబంధముగా తలపెట్టి, ప్రచురణకర్త వలదనగా విడిచిన పదముల పట్టిక పెరిగి పెరిగి 1976లో ‘కీవర్డ్స్’ అను గ్రంథమయ్యెను.

1988 జనవరి 26న ఆయన మరణించెను. పాండీకి సమీపమునగల క్లోడాక్ చర్చి ఆవరణమున ఆయనను ఖననము చేసిరి.