వయసు మీరిన గాత్రము, వన్నె తరుగని నాదము: మల్లికార్జున మన్సూర్ జీవితము

గాయకునకు కంఠమే సర్వస్వము. వైణికుడు తెగిన తంత్రిని మార్చుకొనగలడు. మార్దంగికుడు సడలిన వారును మరల బిగించుకొనగలడు. గాయకుని వాద్యము మాత్రము అతని దేహమునందే యున్నది. అది దేహముతో పాటు పెరుగును, దేహముతో పాటు వడలును. కాయమునే వీణగా భావించి శివునకు సమర్పింప గోరిన బసవేశ్వరుని మార్గమున నడచువారికి దేహమునకును నాదమునకును గల యీ సంబంధము క్రొత్తది కాదు. అయినను పాటయే వృత్తిగా, పాటయే కుటుంబమునకు అన్నముగా గలవానికి ఇది తత్త్వవిచారముతో తీరు విషయము కాదు. నేడు పలికిన స్వరము రేపు పలుకునో లేదో అను శంక నడివయసు మొదలుకొని అతనిని విడువదు.

ఈ శంకకు తమ జీవితముతోనే సమాధానము చెప్పిన మహనీయులు ధార్వాడ వాసులైన పండిత మల్లికార్జున మన్సూర్ గారు. అనేక గాయకుల కంఠములు అలసిపోవు వయసున వారి గానము దేశమంతట మారుమ్రోగ నారంభించెను. కంఠము ముసలిదైన కొలది గానము ప్రౌఢమయ్యెను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుటకు వారి జీవితమును మొదటినుండి చూడవలెను.

బాల్యము, రంగస్థలము

మన్సూర్ అనునది ధార్వాడ పట్టణమునకు కొలది మైళ్ల దూరమున గల చిన్న గ్రామము. అచట 1910 డిసెంబరు 31న లింగాయతుల యింట మల్లికార్జునులు జన్మించిరి. తండ్రి భీమరాయప్ప గారు గ్రామమునకు పెద్ద, కర్షకులు, సంగీత నాటకములయందు మక్కువ గలవారు. తల్లి నీలమ్మ గారు. అన్న బసవరాజు గారు నాటకరంగమున పేరు గడించినవారు. తొమ్మిదేండ్ల ప్రాయముననే మల్లికార్జునులు ఒక చిన్న పాత్రతో రంగస్థలమెక్కిరి. ఆ పిల్లవాని గొంతులోని మాధుర్యమును గుర్తించి తండ్రి వారిని నాటక సమాజమునకు అప్పగించిరి. సమాజము నడపువారు కూడ ఆ గొంతును మెచ్చి, పాటలు పాడుటకు ప్రోత్సహించిరి.

ఆ రోజులలో ఊరూర తిరుగు నాటక సమాజములకు ధ్వనివర్ధకములు లేవు. కట్టకడపటి వరుసలో కూర్చున్నవానికి సైతము వినబడునట్లు పొద్దుపోవు వరకు ఎత్తుగా పాడవలెను. బాలనటునకు గొంతే పెట్టుబడి. కాని ఆ పెట్టుబడికి గడువు కలదు. కౌమారము రాగానే మగపిల్లవాని స్వరపేటిక త్వరత్వరగా పెరుగును. అందలి స్వరతంత్రులు పొడవై, దళసరియగును. గొంతు విరిగి, శ్రుతి రమారమి ఒక స్థాయి క్రిందికి దిగును. నిన్నటివరకు తారస్థాయిలో తేలికగా విహరించిన గొంతు నేడు మాట వినదు. వయసు గాత్రమునకు పెట్టు మొదటి పరీక్ష ఇదియే. బాల్యమున మెప్పు పొందిన గాయకనటులలో ఎందరో ఈ పరీక్షతో తెరమరుగైరి.

మల్లికార్జునులకు ఆ సంధికాలమున గురువులు దొరకిరి. తొలుత అప్పయ్యస్వామి గారి యొద్ద కర్ణాటక సంగీతమున పాఠములు చెప్పుకొనిరి. పిమ్మట మిరజకు చెందిన నీలకంఠబువా ఆలూరుమఠ్ గారు వారిని శిష్యునిగా స్వీకరించిరి. నీలకంఠబువా గారు గ్వాలియర్ ఘరానాకు చెందిన విద్వాంసులు. వారి యొద్ద ఆరేండ్లు జరిగిన శిక్షణలో మల్లికార్జునుల గాత్రము పిల్లవాని గొంతునుండి పురుషుని గొంతుగా స్థిరపడెను. విరిగిన గొంతును తొందరపెట్టక, సాధనతో క్రొత్త శ్రుతికి అలవాటు చేయుట గురుముఖముననే సాధ్యము.

కంఠము పోయిన గురువు

నీలకంఠబువా గారు ఉదారులు. తమ యొద్ద నేర్వవలసినది నేర్చిన పిదప శిష్యుని అంతటితో ఆపివేయలేదు. 1920ల చివర వారే స్వయముగా అతనిని ఉస్తాద్ అల్లాదియాఖాన్ గారి సన్నిధికి తీసికొనిపోయిరి. అల్లాదియాఖాన్ (1855–1946) జైపూర్-అత్రౌలీ ఘరానాకు మూలపురుషులు. ఈ ఘరానా పుట్టుకకు సంబంధించిన ఒక వృత్తాంతము సంగీతజ్ఞులలో మిక్కిలి ప్రసిద్ధము.

అల్లాదియాఖాన్ గారికి మొదట చక్కని మధుర కంఠముండెనట. మాళవ ప్రాంతమునందలి అమ్లేటా అను చిన్న సంస్థానమున ప్రభువు కోరికపై విశ్రాంతి లేక పాడుటచే ఆ కంఠము పూర్తిగా చెడిపోయెను. చాలకాలమునకు గొంతు తిరిగివచ్చెను గాని, అది పూర్వపు గొంతు కాదు. మాధుర్యము పోయి బరువెక్కినది. ఇతరులైనచో పాటకు స్వస్తి చెప్పెడివారు. ఖాన్ గారు ఆ చెడిన గొంతు ఏమి పాడగలదో ఆలోచించిరి. కేవలము గొంతు తీపిపై ఆధారపడక, లయను చిన్న చిన్న భాగములుగా విడదీసి, స్వరములను వంకరగా మెలివేసి, బుద్ధికి పని కల్పించు క్రొత్త గానపద్ధతిని నిర్మించిరి. అదియే వారి ఘరానాకు ప్రాణమైనది. అనగా మల్లికార్జునులు ప్రవేశించిన గురుగృహము కంఠనష్టమునుండి పుట్టిన విద్యాలయము. వారి వృద్ధాప్యమున ఈ విద్య యెంత ఉపకరించెనో ముందు తెలియగలదు.

అల్లాదియాఖాన్ గారు అప్పటికే వృద్ధులు. వారు మల్లికార్జునులను తమ కుమారులైన మంజీఖాన్ గారికి అప్పగించిరి. మల్లికార్జునులు తమ గురువులందరిలో మంజీఖాన్ గారిని మిక్కిలిగా ఆరాధించిరి. కాని ఆ భాగ్యము కొద్దికాలమునకే ముగిసెను. 1937లో మంజీఖాన్ గారు అకాలమరణము చెందిరి. ఆ దుఃఖమునుండి తేరుకొని మల్లికార్జునులు ఆయన తమ్ముడైన భూర్జీఖాన్ గారి యొద్ద శిష్యరికము కొనసాగించిరి.

కీర్తి రాని యేండ్లు

యౌవనమున వారు గ్రామఫోను రికార్డులకు పాడిరి. హెచ్.ఎం.వి. సంస్థకు సంగీత దర్శకులుగా పనిచేసిరి. ఆ రికార్డులకు ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి వ్యవధి లేదు. ఆ కొద్ది వ్యవధిలో గాయకుడు తన వేగమును, తారస్థాయిని, తానముల మెరుపును చూపవలెను. నాటి వారి గాత్రము అట్లే యున్నది: చురుకైనది, పదునైనది, యౌవనబలముతో పరుగులెత్తునది.

తరువాత వచ్చిన మూడు దశాబ్దములలో వారికి దేశవ్యాప్తమైన పేరు రాలేదు. ఏడుగురు కుమార్తెలు, ఒక కుమారుడు గల పెద్ద సంసారము. 1950లో ధార్వాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. తరువాత ఆ కేంద్రమునకు వారు సంగీత సలహాదారుగా నుండిరి. పెద్ద నగరములకు తరలిపోక ధార్వాడలోనే నివసించిరి. మురుఘామఠమునకు చెందిన మృత్యుంజయ స్వాములు వారికి ఆధ్యాత్మిక గురువులు. తమ గృహమునకు సైతము మృత్యుంజయ అనియే నామకరణము చేసిరి. పూజయు గానమును వారికి వేరు కాదు. సభ యున్నను లేకున్నను పాట యాగలేదు. ఈ నిరాడంబరమైన యేండ్లు వ్యర్థము కాలేదు. ఉపయోగము లేని కండరము క్షీణించునను నియమము కంఠమునకును వర్తించును. నిత్యము మితముగా పాడువాని గొంతు, పాడుట మానినవాని గొంతుకంటె చాలకాలము నిలుచునని నేటి వైద్యులును చెప్పుదురు.

వృద్ధాప్యము గొంతునకు చేయు పని

వయసు మీరిన గొంతున ఏమి జరుగును? స్వరపేటికను కట్టియుంచు మృదులాస్థులు క్రమముగా ఎముకవలె గట్టిపడును. స్వరతంత్రులలోని కండరము సన్నగిలును. వానిపై పొరలోని సాగుదల తగ్గును. అందుచే రెండు తంత్రులును పూర్తిగా కలియక నడుమ సందు మిగులును. ఆ సందునుండి గాలి వృథాగా పోవుటచే గొంతు బలహీనమై, గాలి కలిసినట్లు వినబడును. తడినిచ్చు గ్రంథులు తమ పని తగ్గించుటచే గొంతు త్వరగా ఆరిపోవును. ఱొమ్ముగూడు బిగుసుకొని ఊపిరితిత్తులలో పట్టు గాలి తగ్గును. ఒక్క ఊపిరిలో పాడగల వరుస పొట్టిదగును. నిలిపిన స్వరము వణకును. పురుషునకు వార్ధక్యమున మాట శ్రుతి కొంత పైకి పోవును. స్త్రీకి ఋతుక్రమము ఆగిన పిదప శ్రుతి క్రిందికి దిగును. సామాన్యునకు ఇది గొంతులో చిన్న మార్పు. గాయకునకు, నటునకు, హరికథకునకు ఇది పంట పొలమున నీరు తగ్గుట వంటిది.

మల్లికార్జునుల దేహమునకు ఈ ధర్మముల నుండి మినహాయింపు లేదు. పైగా వారికి బీడీ కాల్చు అలవాటు కూడ నుండెను. గొంతుకు అది మేలు చేయునది కాదు. ఇట్టి స్థితిలో వారిని నిలబెట్టినది వారు నేర్చిన గానపద్ధతి. జైపూర్ గాయకి నోరు తెరచి స్పష్టమైన ఆకారముతో పాడవలసినది. అందు మిక్కిలి విలంబమైన ఆలాపనతో గంటలు గడపు ఆచారము లేదు. మధ్యమ గతిలో, తాళమును విడువక, ఒక వాక్యము నుండి మరియొక వాక్యము పుట్టించుచు రాగమును త్వరలోనే సంపూర్ణముగా నిలబెట్టవలెను. ఊపిరి యెచట తీయవలెనో, యెచట దాచవలెనో, సమము చేరువరకు దాని నెట్లు పంచుకొనవలెనో మొదటినుండియు శిక్షణ జరుగును. ఊపిరి తగ్గిన వయసున ఆ పొదుపు ధనమువలె ఉపయోగపడెను.

రెండవది రాగసంపద. శుద్ధనట్, హేమనట్, ఖట్, శివమత్ భైరవ్, సంపూర్ణ మాల్కౌంస్, ఏకనిషాద బిహాగడా వంటి అపూర్వ రాగములు వారికి కరతలామలకములు. రెండు మూడు రాగముల ఛాయలు కలిసిన ఇట్టి రాగములలో శ్రోత గొంతు నునుపును వెదకడు. ఏ ఛాయ యెప్పుడు తొంగిచూచి మరల మరుగగునో యని చెవియొగ్గును. గొంతు బలమిచ్చు ఆశ్చర్యము పోయినను రాగజ్ఞానమిచ్చు ఆశ్చర్యము పోలేదు.

మూడవది సభామర్యాద. హిందుస్తానీ కచేరీలో వెనుక తంబూరాతో కూర్చున్న శిష్యుడు నడుమ నడుమ గొంతు కలుపును. తరువాతి కాలమున కుమారులైన రాజశేఖర మన్సూర్ గారు తండ్రి వెనుక కూర్చుండి పాడుచుండిరి. తండ్రి ఊపిరి తీసికొను క్షణమున కుమారుని గొంతు రాగమును పట్టి నిలిపెను. వార్ధక్యము ఒంటరిది కాకుండుటకు ఇంతకంటె అందమైన యేర్పాటు వేరొకటి లేదు.

ఆలస్యముగా వచ్చిన పంట

అరువదవ యేట, 1970లో, వారికి పద్మశ్రీ లభించెను. 1971లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1976లో పద్మభూషణ్, 1982లో అకాడమీ ఫెలోషిప్ వరుసగా వచ్చెను. మనకు నేడు లభించు వారి ధ్వనిముద్రణలలో రసికులు అపురూపముగా దాచుకొనునవి పెక్కు ఈ వయసున పాడినవే. యౌవనపు రికార్డులను, ఈ ముద్రణలను ఒకదాని వెంట ఒకటి వినిన భేదము స్పష్టమగును. మొదటివానిలో గొంతు ముందు నడచును, రాగము వెంబడించును. రెండవవానిలో రాగము ముందు నడచును, గొంతు సేవకునివలె వెంబడించును.

శరణుల వచనములను వారు ప్రీతితో పాడెడివారు. హిందుస్తానీ కచేరీలలోను వచనగానమునకు చోటు కల్పించిరి. అక్కమహాదేవి వచనమును వారు పాడగా వినినవారు మరువలేరు. భాష తెలియని శ్రోతలు సైతము కదిలిపోయిరి. వచనము గొంతు ఆడంబరమును కోరదు. మాట తేటగా పలుకవలెను, భావము నిజము కావలెను. ముదిసిన గొంతు అందుకు అడ్డు కాలేదు సరికదా, అనుభవపు బరువును చేర్చెను.

తమ జీవితకథను వారు కన్నడమున నన్న రసయాత్రె అను పేర రచించిరి. దానిని రాజశేఖరులు ఆంగ్లీకరించిరి. 1992లో పద్మవిభూషణ్ లభించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12న ధార్వాడలో వారు శివైక్యము చెందిరి. అప్పటికి వారి వయసు ఎనుబదియొక యేండ్లు.

మఠములలో పురాణ ప్రవచనము చేయువారు, భజనలు, వచనములు పాడువారు, పాఠశాలలలో బోధించువారు, అందరును గొంతుతోనే జీవించువారు. వారందరికీ ఈ జీవితమున గ్రహింపదగినది కలదు. వయసు పైబడినపుడు శ్రుతిని కొంత తగ్గించుకొనుట అవమానము కాదు. గొంతు ఆరకుండ తరచు నీరు త్రాగుట, అరవకుండుట, పొగకు దూరముగా నుండుట, నిత్యము కొంతసేపు మితముగా పాడుట మేలు. గొంతు బొంగురు మూడు వారములకు మించి తగ్గనిచో వయసే కారణమని సరిపెట్టుకొనక వైద్యునకు చూపవలెను. ఇవి దేహమునకు చేయవలసిన సేవ.

ఇక గానమునకు చేయవలసిన సేవ వేరొకటి కలదు. గొంతు బలముగా నున్న రోజులలోనే గొంతుపై ఆధారపడని విద్యను సంపాదించుకొనవలెను. యౌవనము ఇచ్చిన కంఠమును కాలము తిరిగి తీసికొనును. సాధన ఇచ్చిన జ్ఞానమును మాత్రము తాకలేదు. ధార్వాడలోని ఆ నిరాడంబర గృహమునుండి ఎనుబదేండ్ల వృద్ధుడు లోకమునకు వినిపించినది అదియే.