పాపమును గెలిచిన ప్రార్థనాపరుడు - భక్తసింగ్

పాపమంటే హత్య, దొంగతనం వంటి ఘోరకృత్యాలే అనుకోవడం లోకసహజం. గౌరవప్రదమైన జీవితం గడిపే విద్యావంతుని అంతరంగంలో కూడా అది గర్వంగా, ద్వేషంగా, స్వార్థంగా దాగి ఉంటుందన్న సత్యాన్ని గ్రహించి, దానిని దేవుని ఎదుట ఒప్పుకొని, నూతన జీవితం పొందిన మహనీయుడు భక్తసింగ్. మద్రాసు నగరంతోను, తెలుగు క్రైస్తవ సమాజంతోను ఆయన అనుబంధం విడదీయరానిది.

భక్తసింగ్ 1903 జూన్ 6వ తేదీన పంజాబులోని జోయియా గ్రామంలో సిక్కు కుటుంబంలో జన్మించారు. ఆ గ్రామం నేడు పాకిస్తాన్‌లో ఉంది. మిషన్ పాఠశాలలో చదువుకున్నా ఆయనకు క్రైస్తవులంటే అయిష్టం. బహుమానంగా లభించిన బైబిలు పుటలను చించివేసి, అందమైన తోలు అట్టను మాత్రం ఉంచుకున్నారు.

1926లో ఇంజనీరింగు విద్యకై లండను వెళ్లారు. అక్కడ పాశ్చాత్య వేషభాషలు, ధూమపానం, మద్యపానం అలవడ్డాయి. వినోదాలకు కొదువ లేకపోయినా మనశ్శాంతి మాత్రం కరువైంది. 1928లో కెనడాకు ఓడలో ప్రయాణిస్తూ ఒక ఆరాధనకు హాజరయ్యారు. అందరూ మోకరించగా, తన విద్య, జాతి, మతాలను గూర్చిన అతిశయం ఆయనను అడ్డగించింది. ఆ అహంకారాన్ని అణచుకొని మోకరించిన క్షణమే ఆయన జీవితానికి మలుపు.

మరుసటి సంవత్సరం డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్ నగరంలో మిత్రుని అడిగి క్రొత్త నిబంధన తీసుకొని చదువసాగారు. యోహాను సువార్త మూడవ అధ్యాయం చదువుతుండగా ఆయన హృదయం కంపించింది. తాను దూషించినది ఎవరినో, తాను చించినది ఎవరి గ్రంథమో ఆయనకు అవగతమైంది. కన్నీటితో పాపాలు ఒప్పుకొని క్షమాపణ పొందారు. పూర్వపు వ్యసనాలు తొలగిపోయాయి. 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. 1933లో బొంబాయి చేరిన కుమారుని, కుటుంబ గౌరవం కోసం విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకొమ్మని తల్లిదండ్రులు కోరారు. లోపల ఒకటి, బయట ఒకటిగా జీవించడానికి ఆయన అంగీకరించలేదు. వారు ఆయనను విడిచి వెళ్లిపోయారు. ఇంజనీరు కావలసిన యువకుడు చేతిలో ధనం లేకుండా వీధి సువార్తికుడయ్యారు. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో ఆయన బోధ విన్న అనేకులు తమ పాపాలను ఒప్పుకున్నారు.

1938లో మద్రాసు వచ్చిన తరువాత ఆయన సేవ దక్షిణాదిన విస్తరించింది. 1941లో పల్లావరం కొండపై సహచరులతో రాత్రంతా ప్రార్థించిన పిమ్మట, అదే సంవత్సరం మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం ఆరంభమైంది. అక్కడ అందరూ పాదరక్షలు విడిచి, చాపలపై కూర్చుండి ఆరాధించేవారు. సందేశాలు తమిళ, తెలుగు భాషలలోనికి అనువదింపబడేవి. ధనిక పేద, కుల భేదాలు లేకుండా ప్రేమవిందులో ఒకే పంక్తిన భుజించేవారు. మనిషిని మనిషికి దూరం చేసే గర్వంపై విజయం ఆ పంక్తిలో కనిపించేది.

1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రం వెలిసింది. అక్కడినుండి తెలుగునాట పల్లెపల్లెకు ఆ సహవాసాలు వ్యాపించాయి. పాపంపై జయం ఒకనాటి అనుభవంతో ముగిసేది కాదని, అనుదిన వాక్యధ్యానం, మోకాళ్ల ప్రార్థన, పొరపాటును వెంటనే ఒప్పుకొనడం ద్వారా నిలుపుకొనవలసినదని ఆయన బోధించి, ఆచరించి చూపారు. చివరి సంవత్సరాలలో పార్కిన్‌సన్స్ వ్యాధితో బాధపడి, 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ సమాధుల తోటలో ఆయన భౌతికకాయం విశ్రమిస్తున్నది.

చించివేసిన గ్రంథాన్నే జీవితాంతం మోకాళ్లపై ఉంచుకొని చదివిన భక్తుడాయన. తప్పు చేయని బిడ్డ ఏ ఇంటను, ఏ బడిలోను ఉండడు. చేసిన తప్పును దాచుకొనక ఒప్పుకొనే ధైర్యాన్ని, ఒప్పుకొన్నవానిని క్షమించి దరిచేర్చుకొనే ప్రేమను పిల్లలకు నేర్పడమే ఆ మహనీయునికి పెద్దలు అర్పించగల నిజమైన నివాళి.