ఉప్పునీళ్ల టబ్బు, విశ్వేశ్వరయ్య

ప్రాజెక్టు కోసం నాచారంలో మా గది బాల్కనీలో ఒక టబ్బు పెట్టాం. కిరాణా కొట్టు ఉప్పు లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపి, కాంక్రీటు క్యూబులు ముంచాం. అదే మా సముద్రం. రెండు నెలలైనా వాటికి ఏమీ కాలేదు. తెగ సంబరపడ్డాం. లోపల ఇనుము లేని క్యూబుని వట్టి ఉప్పు పెద్దగా ఏం చేయదనీ, సముద్రంలో కాంక్రీటుని తినేవాటిలో మెగ్నీషియం, సల్ఫేట్లు ముఖ్యమనీ తర్వాత తెలిసింది. క్యూబు గురించే ఆలోచించాం, నీళ్ల గురించి కాదు.

ఆ సిగ్గుతోనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గురించి చదివాను. ఏటా సెప్టెంబరు 15న ఆయన ఫొటోకి దండ వేస్తాం, సమోసా తింటాం, వెళ్లిపోతాం. ఆయన ఇంటిపేరు ఆంధ్రలోని ఒక ఊరి పేరని కూడా నాకు తెలీదు. పుట్టింది మాత్రం ముద్దేనహళ్లిలో. చిన్నప్పుడే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో చదివి, పూనాలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, బొంబాయి ప్రభుత్వంలో చేరారు. 1906లో ఏడెన్ రేవుకి పంపితే అక్కడి తాగునీరు, మురుగు సంగతి చూసొచ్చారు.

నాగోల్ వంతెన మీద బస్సులో ముక్కు మూసుకుంటామే, ఆ మూసీ 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. అప్పటికి ఆయన ఉద్యోగం వదిలి విదేశాల్లో ఉన్నారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వచ్చారు. ఒడ్డున గోడలు లేపి ఊరుకోలేదు. పైన ఎంత వాన పడింది, ఎన్ని చెరువులు తెగాయి, నీళ్లు ఎక్కణ్ణించి ఎంత వచ్చాయి అని ముందు లెక్క తీశారు. అందుకే నగరానికి పైనే వరదని ఆపాలన్నారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తర్వాత మళ్లీ వచ్చి హైదరాబాద్ భూగర్భ డ్రైనేజీకీ ప్లాన్ ఇచ్చారు.

నాకు బాగా నచ్చింది మైసూరు ఘట్టం. ఆయన చీఫ్ ఇంజనీరుగా ఉండగా 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలైంది. సిమెంటు దిగుమతి చేసుకోవాల్సిన రోజులు. అందుకని సున్నంలో సుర్ఖీ, అంటే కాల్చిన ఇటుక పొడి, కలిపి కట్టారు. ఆ డ్యామ్ ఇప్పటికీ నీళ్లు ఆపుతోంది.

మా టబ్బుకి కావలసింది అదే! సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడిగా మిగులుతుంది. సముద్రపు నీళ్లు ముందు దాని మీదే పడతాయి. మెత్తటి ఇటుక పొడి ఆ సున్నాన్ని తనలో కట్టేసుకుని సందులు పూడుస్తుంది. (నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బి కాంక్రీటుని పగలగొడతాయి కూడా, కానీ ఉప్పల్‌లో ఆ భయం లేదు, మే నెల చాలు మాకు.)

1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్ 14న, వందేళ్లు దాటాక, ఆయన పోయారు.

మొన్న వీధి చివర ఇల్లు కూలుస్తుంటే ఇటుక ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. దంచి, జల్లెడ పట్టి, కొత్త క్యూబులు పోశాం. టబ్బులో ఈసారి ఎప్సమ్ సాల్ట్ కూడా వేశాం. తొంభై రోజులు ఉంచాలి. ఇంకా నలభై ఉన్నాయి. ఓనర్ ఆంటీ మాత్రం బాల్కనీ ఎప్పుడు ఖాళీ చేస్తారని రోజూ అడుగుతోంది.