తిరుగుడు బూర చేసిన డొనాల్డు లెస్లీ



సికింద్రాబాదు స్టేషను దాటిన తరువాత రైలుకట్ట ప్రక్కన మీరెప్పుడైనను నిలిచియుంటిరా? బండి కూత వేయుచు మనవైపు వచ్చునప్పుడు ఆ కూత హెచ్చు శ్రుతిలో సన్నగా వినబడును. ఇంజను మనలను దాటిపోగానే అదే కూత శ్రుతి దిగి మందముగా వినబడును. డ్రైవరు కూతను మార్చలేదు. ధ్వని చేయునది మనవైపు పరుగెత్తి వచ్చునప్పుడు దాని ధ్వని అలలు దగ్గరగా కూడుకొనును. దూరమగునప్పుడు అవి ఎడమెడమగును. ఇంతే అందలి మర్మము. ఆస్ట్రియా దేశస్థుడగు క్రిస్టియన్ డాప్లర్ ఈ నియమమును 1842లో తెలిపెను. 1845లో హాలెండు దేశమున బూరలూదు వారిని రైలుబండి మీద ఎక్కించి, ఇది నిజమని పరీక్షించి చూచిరి.

పోయిన సంవత్సరము నేనొక కూటమునకై సికింద్రాబాదు వెళ్లితిని. అక్కడి ఆరాధనలో ఒక యౌవనుడు గిటారు వాయించుచుండెను. అతని పాదము దగ్గర అరచేతికంటె కొంచెము పెద్దదైన ఇనుప పెట్టె యొకటి యుండెను. అతడు దానిని కాలితో నొక్కగానే గిటారు స్వరము రైలుకూతవలె దగ్గరకు వచ్చుచు, దూరమగుచు, మందిరమంతట తిరుగుచున్నట్లు వినబడెను. ఆ యౌవనుడు మా సంఘపు పిల్లవాడే. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు పండుగకు అతడు ఆ పెట్టెను మా దేవాలయమునకు తెచ్చినప్పుడు, మనకు హార్మోనియము, డోలకు చాలునని చెప్పి దానిని బయట పెట్టించినవాడను నేనే. ఒక్కమారు విని కూడ చూడలేదు. ఆ తరువాత అతడు పాటల గుంపులోనికి రాలేదు. పనికొరకు పట్నము వెళ్లిపోయెను. ఆ స్వరము మొదట ఎక్కడ పుట్టినదో తెలిసికొనవలెనని నాకు కోరిక కలిగెను. తెలిసికొన్నది మీతో చెప్పుచున్నాను.

డొనాల్డు లెస్లీ 1911 ఏప్రిల్ 13వ తేదీన అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రములోని డాన్‌విల్ పట్టణమున జన్మించెను. చిన్నతనముననే అతని కుటుంబము కాలిఫోర్నియా రాష్ట్రమునకు వలసపోయెను. పెరిగి పెద్దవాడైన తరువాత లాస్ ఏంజిలీసు నగరములో రేడియోలు బాగుచేయు పనిలో కుదిరెను. అతడు గొప్ప ధనికుడు కాడు, పేరొందిన సంగీత విద్వాంసుడును కాడు. అయితే గొట్టముల ఆర్గను ధ్వని అనిన అతనికి మిక్కిలి ప్రీతి.

గొట్టముల ఆర్గనును మన గ్రామములలో చూచినవారు తక్కువ. అది గోడయెత్తున నిలుచు వాద్యము. అందు వందల కొలది, కొన్నింటిలో వేల కొలది గొట్టములుండును. గాలి ఒక్కొక్క గొట్టములోనికి పోయినప్పుడు ఒక్కొక్క స్వరము పుట్టును. గొట్టములు వేరువేరు చోట్ల నిలిచియుండుటచేత ఒక స్వరము కుడినుండి, మరియొకటి ఎడమనుండి, ఇంకొకటి పైనుండి వచ్చి, వినువారిని చుట్టుకొనును. దాని వెల సామాన్య సంఘములకు అందునది కాదు.

ఆ కాలముననే షికాగో నగరమున లారెన్స్ హామండు అను ఇంజనీరు ఉండెను. ఆయన 1895లో జన్మించినవాడు. విద్యుత్తుతో నడచు గడియారములు చేసి పేరు పొందెను. ఆయనకు సంగీతము వాయించుట తెలియదు. అయినను గడియారపు చక్రములను తిప్పు విద్య తెలిసినందున, ఆ విద్యతోనే గొట్టములు లేని ఆర్గనును చేసి, 1934లో పేటెంటు పొంది, 1935లో అమ్మకమునకు పెట్టెను. దానిలో 91 చిన్న లోహపు చక్రములు తిరుగుచుండును. చక్రము అంచున గంట్లుండును. తీగ చుట్టిన అయస్కాంతము ఎదుట చక్రము తిరుగునప్పుడు తీగలో సన్నని విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తే స్పీకరులో స్వరముగా మారును. గొట్టముల ఆర్గను కొనలేని అనేక సంఘములు ఈ వాద్యమును సంతోషముతో కొనుక్కొనెను.

1937లో లెస్లీయు ఒక హామండు ఆర్గనును కొనెను. అంగడిలోని పెద్ద గదిలో విన్నప్పుడు దాని స్వరము బాగుగనే తోచెను. అయితే చిన్న ఇంటిలో పెట్టి వాయించగా స్వరము చప్పగా, కదలిక లేనిదిగా వినబడెను. వేరొకడైనచో వాద్యమును తిరిగి ఇచ్చివేసి ఊరకుండును. లెస్లీ అట్లు చేయక, లోపమెక్కడ నున్నదో ఆలోచించెను. గొట్టముల ఆర్గనులో ధ్వని అనేక స్థలములనుండి వచ్చుచున్నది. ఇందులోనో ఒకే పెట్టెలోని ఒకే చోటినుండి వచ్చుచున్నది. అట్లయిన ధ్వని వెలువడు చోటునే కదిలించినచో ఏమగును?

ఈ ప్రశ్న పట్టుకొని అతడు తీరిక వేళలలో పలు విధములుగా ప్రయత్నించి, తుదకు ఒక కొయ్య పెట్టెను సిద్ధపరచెను. దాని పై భాగమున మన పండుగలలో కట్టు మైకు బూరవంటి రెండు మూతుల బూర యొకటి తిరుగును. రెండు మూతులలో ఒకదానినుండియే ధ్వని వచ్చును; రెండవది తూకము సరిపుచ్చుటకే యున్నది. ఇది సన్నని స్వరముల కొరకు. క్రింద మంద్ర స్వరముల స్పీకరు కదలక యుండును. దాని క్రింద ఒక పీపా తిరుగుచు ఆ ధ్వనిని చుట్టు చిమ్మును. బూర ఒకవైపునకు, పీపా దానికి ఎదురువైపునకు తిరుగును. నెమ్మదిగా తిరిగినప్పుడు బూర నిమిషమునకు 50 మార్లకు లోపుగను, వేగముగా తిరిగినప్పుడు 400 మార్ల వరకును తిరుగును. మొదటి దానివలన స్వరము మెల్లగా ఊగును. రెండవ దానివలన వణకును. చిన్నపిల్లలు తిరుగుచున్న ఫ్యాను ఎదుట నోరు పెట్టి అరచి నవ్వుకొనుట మీరు చూచియుందురు. ఆ వణకును, రైలుకూత ఎక్కిదిగుటయు ఒక్కచోట కూడిన ఎట్లుండునో, ఆ పెట్టె ధ్వని అట్లుండును.

1940లో లెస్లీ తన పెట్టెను హామండు కంపెనీవారికి వినిపించెను. అది హామండు వాద్యమునకు సహాయముగా చేయబడినదే గాని పోటీగా చేయబడినది కాదు. అయినను లారెన్స్ హామండు దానిని అంగీకరించలేదు. తన వాద్యమునకు తన స్పీకరే తగినదని ఆయన అభిప్రాయము. ఇది వింతగా లేదా? వాద్యము లోపల 91 చక్రములను తిప్పి స్వరము పుట్టించినవాడే, వాద్యము వెలుపల ఒక్క బూర తిరుగుటకు ఒప్పుకొనలేకపోయెను.

లెస్లీ నిరుత్సాహపడి ఇంట కూర్చుండలేదు. 1941లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఎలెక్ట్రో మ్యూజిక్ అను స్వంత కంపెనీని పెట్టి ఆ పెట్టెలు చేయసాగెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా నౌకాదళపు పరిశోధనాలయములో పనిచేసెను. యుద్ధము ముగిసిన తరువాత అతని పని వృద్ధిపొందెను. హామండు కంపెనీ తన వర్తకులు లెస్లీ స్పీకరును అమ్మరాదని కట్టడి చేసెను. అయినను ఆర్గను కొన్నవారు తామే వెదకి లెస్లీ పెట్టెను కొనుచుండిరి. అతడు దానికి వైబ్రటోన్ మొదలగు పేర్లు పెట్టినను, వాద్యకారులకు అది లెస్లీయే ఆయెను. మనుష్యుని పేరే వస్తువు పేరుగా నిలిచెను.

ఇచ్చట మన సంఘములు గమనింపదగిన సంగతి యొకటి గలదు. అమెరికాలోని నల్లజాతి సహోదరుల సంఘములలో అనేకము బీదవి. గొట్టముల ఆర్గను వారికి అందలేదు. హామండు ఆర్గనును లెస్లీ పెట్టెను జతచేసి వారు దేవుని స్తుతించిరి. వారి సువార్త గీతములకు ఆ ధ్వనియే గురుతాయెను. ప్రసంగీకుడు స్వరము హెచ్చించినప్పుడు ఆర్గను నెమ్మదినుండి వేగమునకు మారును. ప్రార్థనకు తలవంచినప్పుడు తిరిగి నెమ్మదించును. హామండు లేనిచో లెస్లీ పెట్టెకు పని లేదు. లెస్లీ లేనిచో హామండు స్వరమునకు ఆ జీవము లేదు. యజమానులు ఏకము కాకపోయినను, వారి చేతిపనులు బీదల దేవాలయములలో ఏకమై పాడెను.

1965లో లెస్లీ తన కంపెనీని సీబీయస్ అను పెద్ద సంస్థకు అమ్మెను. ఆ నాటికే ఇతర వాద్యకారుల దృష్టియు దీనిమీద పడుచుండెను. 1966లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారు ఒక పాటలో మనుష్యుని గొంతునే లెస్లీ గుండా పంపిరి. 1967లో గిటారు వాయించువారికై తిరుగుడు స్పీకరు ఒకటి ఫెండర్ పేరున వచ్చెను. అయితే లెస్లీ పెట్టె 60 కిలోలకు పైబడిన బరువు. దానిని ఊరూర మోయుట ఎవరి తరము? 1960ల చివర జపానులో షిన్-ఏయి కంపెనీకై ఫుమియో మియెడా అను ఇంజనీరు యూనివైబ్ అను చిన్న పెట్టెను చేసెను. అందులో తిరుగు బూర లేదు. నడుమ ఒక చిన్న దీపము వెలుగుచు మందగించుచుండును. వెలుతురును గ్రహించు నాలుగు చిన్న భాగములు దాని చుట్టునుండి, ఆ వెలుతురును బట్టి గిటారు స్వరమును మార్చును. అప్పుడు స్వరము తిరుగుచున్నట్లు తోచును. 1969 ఆగస్టులో ఉడ్‌స్టాక్ ఉత్సవమున జిమి హెండ్రిక్స్ దానిని వాయించిన తరువాత అది లోకమంతట ప్రసిద్ధి పొందెను. ఇప్పటి పెట్టెలలో అనేకమునకు దీపమును లేదు. గణితము చేయు చిన్న చిప్పు లెస్లీ బూర నడకను లెక్కగట్టి చూపును. మా పిల్లవాని కాలియొద్దనున్నది అట్టిదే.

లారెన్స్ హామండు 1973లో మృతినొందెను. ఏడు సంవత్సరములు గడచి 1980లో హామండు కంపెనీ, ఒకప్పుడు తాను వద్దన్న లెస్లీ స్పీకరు వ్యాపారమును వెలపెట్టి కొనెను. 1940లో తనంతట తాను గుమ్మములోనికి వచ్చినదానిని నలువది సంవత్సరముల తరువాత డబ్బిచ్చి తెచ్చుకొనవలసి వచ్చెను. లెస్లీ ఆ దినమును కన్నులార చూచెను. అతడు 2004 సెప్టెంబరు 2వ తేదీన కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో 93 ఏండ్ల ప్రాయమున కన్ను మూసెను.

ప్రియులారా, హామండు దుర్మార్గుడు కాడు. జ్ఞానము గలవాడు, కష్టించి పనిచేసినవాడు. అతని వాద్యము అనేక సంఘములకు ఆశీర్వాదమాయెను. అయితే నేను చేసినది సంపూర్ణమైనది, దీనికి మరియొకరు చేర్చవలసినదేమియు లేదని తలంచుట జ్ఞానులకును వచ్చు శోధన. సమూయేలు బేత్లెహేమునకు వచ్చిన దినమున యెష్షయి తన కుమారులను వరుసగా నిలువబెట్టి, కడసారివానిని గొర్రెల యొద్దనే విడిచిపెట్టెను గదా. తండ్రికి ప్రేమ లేక కాదు; చూడవలసిన అవసరము తోచక. మన సంఘములలో పెద్దలమైన మనము ఎందరు దావీదులను గొర్రెల యొద్ద విడిచితిమో!

యౌవనులకును ఒక మాట. లెస్లీ తనను కాదన్నవాని వాద్యమును పగులగొట్టలేదు. జీవితమంతయు ఆ వాద్యమునకే మంచి స్వరము కూర్చెను. మీ పెట్టెలును అట్లే సంఘము పాటకు సహాయము కావలెను గాని దానిని కప్పివేయరాదు. వెనుక బల్లమీద కూర్చున్న అవ్వకు కీర్తన మాటలు స్పష్టముగా వినబడినంత వరకు ఏ వాద్యమైనను మంచిదే.

వచ్చు క్రిస్మసు ఆరాధనకు గిటారుతోను ఆ పెట్టెతోను రమ్మని, అప్పుడు వినకయే త్రోసివేసినందుకు నన్ను క్షమించుమని ఆ పిల్లవానికి కబురు పంపితిని. జవాబు ఇంకను రాలేదు. అతడు వచ్చినను రాకున్నను, హార్మోనియము ప్రక్కన అతనికి చోటు ఉంచవలెనని మా పెద్దలు ఒప్పుకొనిరి.

వినుటకు మనకు చెవులను, ఒప్పుకొనుటకు మనస్సును ప్రభువు దయచేయును గాక.