సర్పగంధను పరీక్షించిన డాక్టర్ వకీల్

మన దేశ వైద్యులలో మనమందరం తెలుసుకోవలసిన మహనీయుడు డాక్టర్ రుస్తుం జాల్ వకీల్. ఆయన 1911లో బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించారు. లండన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పనిచేశారు.

ఆ రోజుల్లో రక్తపోటుకు సరైన మందు లేదు. ఉప్పు తగ్గించమని, విశ్రాంతి తీసుకోమని చెప్పడం తప్ప వైద్యులు చేయగలిగింది తక్కువ. 1945లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ అధిక రక్తపోటు వల్ల మెదడులో రక్తస్రావమై మరణించారు. అంతటివారికే దిక్కు లేనప్పుడు పేదవారి సంగతి చెప్పనక్కర లేదు.

మన దేశంలో సర్పగంధ వేరును పాముకాటుకు, మతిభ్రమణకు పూర్వం నుండి వాడేవారు. అది రక్తపోటును తగ్గిస్తుందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వ్రాశారు. కాని బయటి ప్రపంచం పట్టించుకోలేదు. డాక్టర్ వకీల్ దానిని నాటుమందని తోసిపుచ్చలేదు, పెద్దలు వాడారు కదా అని గుడ్డిగా నమ్మనూ లేదు. రోగులకు ఇచ్చి, మందుకు ముందు, తరువాత రక్తపోటు కొలిచి వ్రాసుకున్నారు. 50 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. అప్పుడు ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రిసెర్పిన్‌ను వేరుచేశారు.

ఆయనకు 1957లో లాస్కర్ అవార్డు, 1958లో పద్మభూషణ్ లభించాయి. 1974లో కన్నుమూశారు. రిసెర్పిన్ వల్ల కొందరికి మనోవ్యాకులత కలుగుతుందని గమనించడంతో, ఇంకా మంచి మందులు రావడంతో దాని వాడకం బాగా తగ్గిపోయింది. మందు గుణాన్నే కాదు, దోషాన్ని కూడా బయటపెట్టేది పరీక్షే.

మా హాస్టల్‌లో చాలామందిమి మా ఇళ్లలో మందుచీటీ చదవగలిగిన మొదటివాళ్లం. కూలికి వెళ్లే మా అమ్మానాన్నలు తల తిరగడం తగ్గగానే బి.పి. మాత్ర మానేస్తున్నారు. డబ్బు మిగులుతుందని వారి ఆలోచన. రక్తపోటు ఏ బాధా చూపకుండానే లోపల పెరుగుతుందని, కొలిస్తేనే తెలుస్తుందని వారికి చెప్పవలసిన బాధ్యత మనదే. వేర్లు తెచ్చి సొంతంగా కాచి తాగడం కూడా ప్రమాదమే. మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి బి.పి. చూపిద్దాం. డాక్టర్ వకీల్‌కు మనం అర్పించగల నిజమైన నివాళి అదే.