విలియం రాబర్ట్ గ్రోవ్

సర్ విలియం రాబర్ట్ గ్రోవ్ (జూలై 11, 1811 - ఆగష్టు 1, 1896) వేల్స్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త, న్యాయవాది, న్యాయమూర్తి. ఉదజని, ఆమ్లజని వాయువుల కలయికతో విద్యుత్తును పుట్టించే ఇంధన ఘటానికి ఆద్యుడిగా ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

గ్రోవ్ వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేస్‌నోస్ కళాశాలలో చదివి 1832లో పట్టభద్రుడయ్యాడు. 1835లో న్యాయవాది అయినా, అనారోగ్యం వలన వృత్తి సాగక విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళాడు.

పరిశోధనలు

1839లో జింకు, ప్లాటినం, గంధకికామ్లం, నత్రికామ్లాలతో శక్తిమంతమైన ఘటాన్ని నిర్మించాడు. గ్రోవ్ ఘటమనే ఈ సాధనం అమెరికాలో తొలినాటి తంతి వ్యవస్థలకు ఉపయోగపడింది. దీని నుండి విషవాయువులు వెలువడటం పెద్ద లోపం. 1840లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1841 నుండి 1846 వరకు లండన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడిగా పనిచేశాడు.

విద్యుత్తు నీటిని రెండు వాయువులుగా విడగొడుతుంది. ఆ వాయువులను తిరిగి కలిపితే విద్యుత్తు రావాలి కదా అన్నది గ్రోవ్ ఆలోచన. 1839లో ఈ ఫలితాన్ని ప్రకటించాడు. అదే కాలంలో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త కూడా ఇటువంటి ప్రభావాన్నే గమనించాడు. 1842లో గ్రోవ్ అనేక ఘటాలను వరుసగా కలిపి, ఆ విద్యుత్తుతోనే నీటిని విడగొట్టి చూపాడు. వాయువు, ఆమ్లం, ప్లాటినం మూడూ ఒకేచోట తాకే స్థలంలోనే చర్య జరుగుతుందనీ, ఆ స్థలం చాలా చిన్నదనీ గుర్తించాడు. ఈ సమస్యను ఆయన పరిష్కరించలేకపోయాడు.

1846లో ప్రచురించిన గ్రంథంలో ఉష్ణం, కాంతి, విద్యుత్తు మొదలైనవి ఒకదానినుండి మరొకటి పుడతాయని వివరించాడు. 1847లో రాయల్ పతకం లభించింది.

న్యాయవృత్తి

పెరిగిన కుటుంబ పోషణార్థం గ్రోవ్ తిరిగి న్యాయవృత్తి చేపట్టాడు. దానితో పరిశోధనకు సమయం తగ్గింది. 1856లో విషప్రయోగ కేసులో నిందితుడైన విలియం పామర్ తరపున వాదించిన న్యాయవాదులలో ఈయన ఒకరు. 1871లో న్యాయమూర్తిగా నియమితుడై, 1872లో సర్ బిరుదు పొంది, 1887లో పదవీ విరమణ చేశాడు. లండన్‌లో మరణించాడు.

తరువాతి పరిణామాలు

1889లో మాండ్, లాంగర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆమ్లాన్ని సూక్ష్మరంధ్రాలున్న ఘనపదార్థంలో ఇంకించి గ్రోవ్ ఘటాన్ని మెరుగుపరచారు. 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో థామస్ గ్రబ్ ద్రవానికి బదులు పాలిమర్ పొరను వాడాడు. 1965లో జెమిని-5 వ్యోమనౌకలో ఇటువంటి ఘటాలు పనిచేశాయి.

నాఫియాన్ వంటి పొరలు ప్రోటాన్లను చేరవేయాలంటే తడిగా ఉండాలి. అందువలన సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటితే పొర ఆరిపోయి వాహకత తగ్గుతుంది. చల్లని ఘటంలోనేమో ఇంధనంలో కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ప్లాటినం పనిచేయదు. వేడి పెరిగేకొద్దీ ఈ దోషం తగ్గుతుంది. అందుకే సిలికా, జిర్కోనియం ఫాస్ఫేట్ వంటి రేణువులను పాలిమర్‌లో కలిపిన సంయుక్త పొరలనూ, ఫాస్ఫారికామ్లం పీల్చుకున్న పాలీబెంజిమిడజోల్ పొరలనూ రూపొందించారు. రెండవరకం పొరలు 120 నుండి 200 డిగ్రీల మధ్య పనిచేయగలవు. అయితే ఆమ్లం క్రమంగా కారిపోకుండా నిలపటం కష్టం.

2024 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి వెళ్ళిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 ద్వారా ఇస్రో పాలిమర్ పొర గల ఇంధన ఘటాన్ని అంతరిక్షంలో పరీక్షించింది.