పదవికన్న మాట మిన్న: వి.వి. గిరి

రోజుకు ఎన్ని గంటలు పని చేయాలన్నది హోసూరు సిప్కాట్ కర్మాగారాలకు మనుషులను పంపే ప్రతి ఇంటి ప్రశ్న. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనిదినానికి వీలు కల్పించే సవరణను ఆమోదించింది. కార్మిక సంఘాలు ఎదిరించడంతో ప్రభుత్వం 24వ తేదీన వారితో చర్చించి దానిని నిలిపివేసింది; మే 1న ఉపసంహరించుకున్నది. కార్మికునితో ముందుగా కూర్చుని మాట్లాడాలన్న నియమానికి జీవితమంతా కట్టుబడిన తెలుగువారు వరాహగిరి వెంకటగిరి.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నాడు మద్రాసు రాజధానిలో ఉన్న ఆ పట్టణం 1936లో ఒరిస్సాలో చేరింది. రాష్ట్రపు హద్దు మారినా ఇంటి భాష మారని కుటుంబాల సంగతి ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండు వెళ్ళిన గిరిగారు అక్కడి స్వాతంత్ర్యోద్యమం పట్ల ఆకర్షితులై, 1916లో స్వదేశం చేరారు. న్యాయవాదిగా ఉంటూ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. 1927లో ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్‌లో సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెకు నాయకత్వం వహించారు. అదే ఏడు జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సులో భారత కార్మికుల ప్రతినిధిగా పాల్గొన్నారు.

ఆనాడు కర్మాగారాలలో వారానికి 60 గంటల పని ఉండేది. దానిని 54కు తగ్గించాలని 1931లో రాయల్ కమిషన్ సిఫారసు చేసినా, చట్టం 1934లో వచ్చి 1935లో అమలయింది. వారానికి 48 గంటల పరిమితి 1946లో గాని రాలేదు. ప్రభుత్వాలు ఆలోచనలో గడిపిన ప్రతి సంవత్సరమూ కార్మికుని ఒంటిమీదనే గడిచింది.

1937లో బొబ్బిలి రాజాను ఎన్నికలలో ఓడించి, హోసూరు చెంత తొరపల్లిలో పుట్టిన రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. తగాదాలను న్యాయస్థానాలకు ఈడ్వక ఉభయులూ ఎదురెదురుగా కూర్చుని పరిష్కరించుకోవాలన్నది ఆయన విధానం.

ఆ విధానానికి 1954లో పరీక్ష ఎదురయింది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. తాను మంత్రిగా ఉన్న ప్రభుత్వమే తీర్పును మార్చినప్పుడు కార్మికులకు ముఖం చూపడం ఎట్లు? గిరిగారు రాజీనామా చేశారు. అనంతరం విచారణ సంఘం నియమితమయింది. 1955లో పార్లమెంటు చట్టం ద్వారా ఉద్యోగులకు చాలావరకు ఊరట లభించింది.

ఆ త్యాగం ఆయన ఎదుగుదలను ఆపలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా సేవలందించారు. 1975లో భారతరత్న పొంది, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

చట్టం ఆలస్యమైనా, సడలినా మొదట నష్టపోయేది యంత్రం ముందు నిలబడినవాడే. అతని మాట వినిపించని చోట పదవిని పట్టుకుని ఉండరాదని గిరిగారి జీవితం బోధిస్తున్నది.